ఒక సైజు ఎక్కువ

నా బంగారు డాక్టరమ్మకి,

నీ ఉత్తరం పొద్దున్నే పాల లారీ డ్రైవరు తెచ్చిచ్చాడు. కొట్లో కూర్చుని చదివాను. చదివి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాను. అప్పుడే బాగుచేసిన బూట్లు తీసుకుపోవడానికి వచ్చినావిడ నా మొహం చూసి, "ఏమండీ, మంచి కబురా?" అని అడిగింది. "మా అమ్మాయి తన జీపుకి టైర్లు నన్ను ఎంచమని రాసింది" అన్నాను. అందులో అంత మురిసిపోయేదేముందో ఆవిడకి అర్థం కాలేదు. "ఓహో" అని వెళ్లిపోయింది. కాసేపటికి మళ్లీ వచ్చింది. సంతోషంలో ఆవిడకి రెండూ కుడి కాలివే కట్టి ఇచ్చానట. రెండో కుడి బూటు ఎవరిదో ఇంకా తేలలేదు.

నీ ఉత్తరంలో మాటలు నాకు నోటికి వచ్చేశాయి. "నాన్నా, పశువుల ఆసుపత్రి వదిలి కొండ దిగడం ఇప్పట్లో కుదిరేలా లేదు. మొన్న నేను వదిలి వచ్చిన జీపు నీ పెరట్లోనే ఉంది. దాని పాత టైర్లు గుండు గీసినట్టు అరిగిపోయాయి. వానలు మొదలయ్యేలోగా కొత్తవి పడాలి. బస్టాండు వెనక టైర్ల కొట్టు ఉంది, అక్కడికే వెళ్లు. నీ కంటికి ఏవి నచ్చితే అవే వేయించు." అక్కడికే అన్న మాట కింద గీత కూడా గీశావు. అలాగే తల్లీ, అక్కడికే వెళ్లాను. నువ్వు చంద్రుడి మీద కొట్టుందంటే అక్కడికీ వెళ్తాను, ఇవాళ నా ఒంట్లో అంత ఓపిక ఉంది.

ఈ సంతోషంలో ఒక ముల్లు కూడా ఉంది. దాన్ని ఇక్కడే పీకి పారేస్తాను, తర్వాత మనసు తేలికగా ఉంటుంది. కిందటి వానల్లో నీ జీపు కొండ మలుపులో జారి ఒక బండకి ఆనుకుని ఆగిందట. ఆ సంగతి నాకు పాల లారీ డ్రైవరు చెప్పాడు. ఇవాళ ఉక్కగా ఉందండీ అన్నంత మామూలుగా చెప్పాడు. "మీ డాక్టరమ్మ గట్టి మనిషండీ, అంత జారినా చెక్కుచెదరలేదు" అంటుంటే సూది నా వేలికి దిగింది. ఆ తర్వాత నువ్వు రెండుసార్లు వచ్చావు. నా పక్కనే కూర్చున్నావు, భోజనం చేశావు, ఆవుల కబుర్లు, గొర్రెల కబుర్లు చెప్పావు. ఆ మాట మాత్రం ఎత్తలేదు. చిన్నప్పుడు పలక పగిలినా పరిగెత్తుకొచ్చి అందరికంటే ముందు నాకు చెప్పేదానివి. నాన్న ముసలాడయ్యాడు, గుండె గాభరా పడుతుంది, ఎందుకులే అనుకున్నావు కాబోలు. మూడో మనిషి నోటి నుంచి కూతురి సంగతి వినడం ఎంత చిన్నతనంగా ఉంటుందో నీకు తెలియదు, తెలియకూడదు కూడా. నీకు కనబడనివ్వలేదు గానీ ఇన్నాళ్లూ అదే దిగులు. అలాంటిది ఇవాళ నువ్వే నన్ను అడిగావు. నీ ప్రాణం దేని మీద నడుస్తుందో దాన్నే ఎంచిపెట్టమని అడిగావు. ముల్లు పోయింది తల్లీ. ఇక దాని ఊసెత్తను.

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని నేరుగా ఎదురింటికి వెళ్లాను. అంబులెన్సు ఉద్యోగం నుంచి రిటైరైనా గొంతు మాత్రం రిటైరు కాని మీ హారన్ బాబాయి వాకిట్లోనే ఉన్నాడు. నాకు బండి నడపడం రాదు కదా, వాడే గతి. "అన్నా, జీపు తాళం ఇయ్యి, నువ్వు పక్కన కూర్చో, నోరు మాత్రం తెరవకు" అన్నాడు. నోరు తెరవకు అన్నవాడు దారంతా తనే మాట్లాడాడు.

టైర్ల కొట్టు చూసి నాకు మతిపోయింది. నేల నుంచి కప్పు దాకా టైర్లే. కొత్త తోలు వాసన నాకు ఎలా తలకెక్కుతుందో ఆ కొత్త రబ్బరు వాసన కూడా అలాగే ఎక్కింది. కొట్టాయన నలభై దాటిన మనిషి. చేతులు మోచేతుల దాకా నలుపు, మొహం మాత్రం ఇప్పుడే కడుక్కున్నట్టుంది. జీపుని, దాంట్లోంచి దిగిన నన్ను చూసి, స్టూలు కింద పడేంత వేగంగా లేచాడు. ఆ స్టూలే ఎత్తి, తుడిచి నాకు వేశాడు. టీ తెప్పించాడు. ఫ్యాను నా వైపు తిప్పాడు. వ్యాపారం చేసేవాడంటే అలా ఉండాలి తల్లీ. నా కొట్టుకొచ్చినవాళ్లకి నేను జన్మలో ఫ్యాను తిప్పలేదు.

"ఏ దారిలో తిరుగుతుందండీ బండి?" అని అడిగాడు. సగం తారు, తర్వాత మట్టి, ఆ తర్వాత రాళ్లు, మధ్యలో ఒక వాగు అన్నాను. మూడు టైర్లు దొర్లించుకొచ్చి నా ముందు నిలబెట్టాడు. మొదటిది తారు రోడ్డుది. సన్నటి గాడులు, మెత్తగా, చప్పుడు లేకుండా పోతుందట. బురదలోకి వెళ్తే మాత్రం ఆ గాడులు నిండిపోయి సబ్బులా జారుతుందట. రెండోది బురద టైరు. దాని గడ్డలు నా పిడికిలంత ఉన్నాయి. బురదని తవ్వుకుంటూ పోతుందట గానీ తారు మీద గొణుగుతుందట, తడి తారు మీద పట్టు తక్కువట. మూడోది రెండిటికీ మధ్య రకం. ఆల్ టెర్రైన్ అంటారట. "దేంట్లోనూ మొనగాడు కాదండీ, ఎక్కడా చెయ్యి మాత్రం ఇవ్వదు" అన్నాడు.

మీ బాబాయి వెళ్లి బురద టైరుని కౌగిలించుకున్నాడు. "అన్నా, ఇదే వేయించు. చూస్తే పులి కూడా పక్కకి తప్పుకోవాలి."

"పులికి కాదురా, ఆవుకి వైద్యం చెయ్యడానికి వెళ్తుంది మా అమ్మాయి. ఆవు జడుసుకుంటే సూది ఎవరికి వేస్తుంది, నీకా?"

నేను మూడిటినీ బొటనవేలితో నొక్కి చూశాను, గాడుల్లో వేలు పెట్టి చూశాను. కొట్టాయన ఓపిగ్గా నిలబడ్డాడు. చివరికి మధ్య రకం దగ్గరే ఆగాను. పనికొక జత, షికారుకొక జత కొనుక్కునేవాళ్లు నా కొట్టుకి రారు. ఒక్క జతతో ఎండా వానా ఈదేవాళ్లకే నేను ఇన్నాళ్లూ కుట్టాను. నీ జీపు కూడా ఆ జాతిదే. కొట్టాయన మొహం వెలిగిపోయింది. ఏం మనిషో, సరుకు తనది, సంతోషం కూడా తనదే.

అప్పుడు అడిగాను, ఇదే రకంలో ఒక సైజు పెద్దది ఉందా అని. కొండ ఎక్కేవాడికి బూటు ఒక సైజు ఎక్కువే కుడతాను నేను. మందపాటి మేజోళ్లు తొడుక్కుంటారు, నడిచి నడిచి పాదం ఉబ్బుతుంది, ఇరుకైతే మనిషి నడిమధ్యలో కూలబడతాడు. అది విని అతను తల గోక్కున్నాడు.

"పెద్దాయన గారూ, తగులుతాయేమోనండీ."

"ఎవరికి?"

"బండికేనండీ."

"కాస్త తగిలితే ఏం? అరిగి సర్దుకుంటుంది" అన్నాను. ఇంకొకడైతే వాదించేవాడు. ఇతను మీ బాబాయి మొహం చూశాడు, నేల చూశాడు, "మీరు చెప్పాక ఇంకేముందండీ" అన్నాడు. ఎంత అణకువ. వచ్చేముందు మాట వరసకి, పిల్లలెందరు బాబూ అని అడిగాను. ఇంకా పెళ్లే కాలేదండీ అని చెవులదాకా ఎర్రబడ్డాడు. పాపం, ఆ రబ్బరు వాసనకి ఎవరొస్తారు చెప్పు.

రేపు టైర్లు బిగిస్తారు. ఒక సైజు పెద్దవే. నువ్వు వాటి మీద ఏనుగు ఎక్కినట్టు వెళ్లాలి.

సంతోషం పట్టలేక రెండు కుడి కాళ్లతో గెంతుతున్న

నీ నాన్న

*

చిట్టితల్లీ,

ఈ ఉత్తరం కూడా గెంతుతూనే మొదలుపెట్టాలని కూర్చున్నాను. కాళ్లు రావడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను, నవ్వుకుంటావో ఏడుస్తావో నీ ఇష్టం. మీ బాబాయి మాత్రం పొద్దుట్నుంచి నవ్వుతూనే ఉన్నాడు.

టైర్లు బిగించారు. నల్లగా నిగనిగలాడుతూ జీపు అంత ఎత్తున నిలబడితే దాని మెడలో దండ వెయ్యాలనిపించింది. ఎక్కడానికి నాకు స్టూలు కావలసి వచ్చింది. కొట్టాయన చెయ్యి పట్టుకుని ఎక్కించాడు. ఎక్కించి, "ఒక్కసారి ఇక్కడే స్టీరింగు పూర్తిగా తిప్పి చూద్దామండీ" అన్నాడు. మీ బాబాయి, "నేను ఇరుకు సందుల్లో అంబులెన్సు తిప్పినవాణ్ని, నాకు చెప్తావా" అని బండి కదిలించేశాడు.

తిన్నటి రోడ్డు మీద ఎంత వైభోగం తల్లీ. అంత ఎత్తు నుంచి చూస్తే ఎవరి నడినెత్తి పలచబడిందో అంతా కనబడుతోంది. నేను తెలిసినవాళ్లందరికీ చెయ్యి ఊపాను. తెలియనివాళ్లకీ ఊపాను. మా అమ్మాయి బండి అని అరిచి చెప్పాను కూడా. బస్టాండు మలుపు దాకా ఆ వైభోగం సాగింది.

మలుపులో మీ బాబాయి స్టీరింగు తిప్పాడు. చక్రం సగం తిరిగి, లోపల రేకుకి ఒరుసుకుని గర్రుమంది. ఇంకాస్త తిప్పాడు. ఇంకాస్త గట్టిగా గర్రుమని బిగుసుకుపోయింది. జీపు రోడ్డుకి అడ్డంగా నిలబడిపోయింది. ఇటు బస్సు, అటు బస్సు. ముందుకు పోతే దుకాణంలోకి పోవాలి. మీ బాబాయి చెయ్యగలిగింది ఒకటే, హారన్ కొట్టాడు. ఎవరిని తప్పుకోమని కొట్టాడో వాడికే తెలియాలి, దారికి అడ్డం మేమే.

బస్సు కిటికీలోంచి ఒకావిడ తల బయటపెట్టి, "ఏమయ్యా, మీ జీపుకి కాళ్లు వాచాయా?" అంది. బస్సు బస్సంతా నవ్వింది. ట్రాఫిక్ పోలీసు వచ్చి చక్రాలు చూసి, "ఈ సైజు వేయమన్న మహానుభావుడు ఎవరు?" అన్నాడు. మీ బాబాయి మాట్లాడకుండా వేలితో నన్ను చూపించాడు. ఇన్నేళ్ల స్నేహం తల్లీ, ఒక్క వేలితో తీర్చేశాడు.

అప్పుడు కొట్టాయన పరిగెత్తుకొచ్చాడు. చెప్పులు కూడా లేవు కాళ్లకి. వస్తూనే పోలీసుకి నమస్కారం పెట్టి, "తప్పు నాదేనండీ, సైజు నేను చూసుకోవాల్సింది" అన్నాడు. నేను నోరు తెరిచేలోగా బండి ముందుకొచ్చి, "స్టీరింగు తిన్నగా చెయ్యండి, మెల్లగా వెనక్కి, ఇంకా వెనక్కి" అంటూ చేతులు ఊపుకుంటూ నడిచాడు. ఊరేగింపులా వెళ్లిన జీపు, ఒంపు తిరగలేక, వెనక్కి నడుచుకుంటూ కొట్టుకి చేరింది. నేను చెయ్యి ఊపినవాళ్లందరూ ఈసారి నాకు ఊపారు.

అతను నవ్వలేదు. నవ్వితే బాగుండేది. టైర్లు విప్పి, పాతవి బిగించి, "ఇవి వేరే బండికి సరిపోతాయిలెండి, ఎవరో అడిగారు" అన్నాడు. రోడ్డెక్కి రేకుకి ఒరుసుకుని గీతలు పడ్డ టైర్లు ఎవరడిగారో నాకు అర్థం కాలేదు. నా కొట్టులో ఎవరైనా బూటు తొడుక్కుని ఊరంతా తిరిగి, రాయికి గీసుకుని తెచ్చిస్తే నేను పుచ్చుకుంటానా? మొహానే విసిరేస్తాను. ఇతను మళ్లీ టీ తెప్పించాడు. ఆ టీ అక్కడే వదిలేసి వచ్చాను.

నాకు తెలిసింది కాళ్లు, చక్రాలు కావు. కాలు పెరుగుతుంది, ఉబ్బుతుంది, చక్రం ఉబ్బదని ఆ క్షణంలో తోచలేదు. నువ్వు ఆ రాళ్ల దారిలో ఉండగా ఆ చక్రం బిగుసుకుపోయి ఉంటే? మళ్లీ ఆ మలుపులోనే బిగుసుకుపోయి ఉంటే? అదొక్కటే తలలో తిరుగుతోంది. ఇన్నాళ్లూ నాకు చెప్పలేదని నొచ్చుకున్నాను. నువ్వు చేసిందే సరైన పని తల్లీ. ఇక మీద ఇలాంటివి నన్ను అడగకు. నువ్వే వీలు చూసుకుని దిగిరా, నీ జీపు నువ్వే చూసుకో. జారినా, ఆగినా, నీకు చెప్పాలనిపిస్తే చెప్పు, లేకపోతే లేదు, నేనేమీ అనుకోను. నేను బూట్లు కుట్టుకుంటాను.

కొట్టాయన మంచివాడు. ఆ మాట మాత్రం నిజం. అతని నెత్తిన తప్పు వేసి రావడం నాకు చిన్నతనంగా ఉంది.

ఒక సైజు తగ్గిన

నీ నాన్న

*

అమ్మా, నా బంగారమా, నా కొండ మీది దీపమా,

ఇదివరకటి ఉత్తరం చింపి పొయ్యిలో పెట్టు. ఇది కూర్చుని చదువు. ఈ ఉత్తరం పాల లారీలో రాలేదని చూస్తూనే ఉన్నావు. దీన్ని తెచ్చినవాడు నీ ఎదురుగానే ఉన్నాడు. వాడి సంగతి తర్వాత చూద్దాం. ముందు నీ టైర్ల సంగతి.

ఆ ఉత్తరం పంపిన మర్నాడు పొద్దున్నే కొట్టు తెరిచి కూర్చున్నాను. మీ బాబాయి గుమ్మంలో టీ తాగుతూ నిన్నటి ముచ్చట దారిన పోయేవాళ్లకి చెబుతున్నాడు. అంతలో వీధి చివర నుంచి ఒక టైరు దొర్లుకుంటూ వస్తోంది. దాని వెనక కొట్టాయన. టైరుని చేత్తో తోసుకుంటూ బస్టాండు నుంచి మన వీధి దాకా వచ్చాడు.

"ఆ వ్యవహారం అయిపోయింది బాబూ. అమ్మాయే వచ్చి చూసుకుంటుంది" అన్నాను, తల ఎత్తకుండానే.

"సైజు తప్పింది గానీ టైరు తప్పలేదండీ. నేను ఎంచినా ఈ రకమే ఎంచేవాణ్ని. ఇది అసలు సైజుది. ఒక్కసారి చూడండి, మీరు చూసి వద్దంటే దొర్లించుకుపోతాను."

చూడనంటే బాగుండదని చూశాను. అతను కింద కూర్చుని టైరు పక్క భాగం మీద అరచెయ్యి పెట్టి చెప్పసాగాడు. "అందరూ అడుగు చూస్తారండీ, పక్క చూడరు. ఈ రకానికి ఇక్కడ మందం ఎక్కువ. రాళ్ల దారిలో కోత పడేది ఇక్కడే. ఆ కొండ మలుపులో బండ ఎడమ పక్కకి పొడుచుకొచ్చి ఉంటుంది కదా, దానికి సరిగ్గా ఇక్కడే తగులుతుంది. ఆ బండ ఎంత దగ్గరగా ఉంటుందంటే తలుపు సగమే తెరుచుకుంటుందండీ. ఒళ్లు పక్కకి తిప్పుకుని, పొట్ట లోపలికి లాక్కుని దిగాలి."

నా చేతిలో సూది ఆగింది.

"ఏ తలుపు బాబూ?"

"ఎడమ తలుపండీ."

"మా అమ్మాయి కూర్చునేది కుడివైపు. స్టీరింగు అటే ఉంది. ఎడమ తలుపులోంచి పొట్ట లోపలికి లాక్కుని దిగింది ఎవరు?"

అతను టైరు వదిలేశాడు. అది మెల్లగా దొర్లుతూ వెళ్లి నా బూట్ల బీరువాని గుద్దింది. బాగుచేసి పెట్టిన జోళ్లన్నీ జలజలా రాలాయి. మీ బాబాయి టీ గ్లాసు కింద పెట్టి, "దొరికావయ్యా" అన్నాడు, జీవితంలో మొదటిసారి మెల్లగా.

"ఆ రోజు జీపులో నువ్వున్నావా?"

"ఉన్నానండీ. కొట్టుకి సెలవు. పంక్చరు వేసిన స్టెప్నీ ఇవ్వడానికి వెళ్లాను. డాక్టరు గారు నన్ను కిందికి దింపుతుంటే జారింది."

"పంక్చరు వేసి ఇవ్వడానికి ఎవరైనా కొండెక్కుతారా?"

"ఎక్కరండీ" అన్నాడు. అబద్ధం చెప్పడం చేతకాదు తల్లీ ఆ మనిషికి. నిన్న ఎవరో అడిగారన్న టైర్లు కూడా అలాగే అతని కొట్లో మూల నిలబడి ఉన్నాయట, ఎవరూ అడగలేదట. అదీ తనే చెప్పేశాడు, నేను అడగకుండానే.

నిజం చెబుతాను. ముందు నాకు కోపం రాలేదు, ఆ పాత ముల్లే మళ్లీ గుచ్చుకుంది. టైర్ల కొట్టాయనకి తెలుసు, పాల లారీ డ్రైవరుకి తెలుసు, కన్న తండ్రికి తెలియదు. మొహం తిప్పుకుని రాలిన జోళ్లు ఏరడం మొదలుపెట్టాను. అతనూ వంగి ఏరాడు. ఏరుతూ నేల మీదికే చూస్తూ మాట్లాడాడు.

"మీకు చెప్పాలనే రెండుసార్లు వచ్చిందండీ. రెండుసార్లూ చెప్పలేక వెళ్లింది. జీపు జారిందంటే పక్కన ఎవరున్నారని మీరు అడుగుతారు. 'మా నాన్న నీ గురించి మొదటిసారి భయంలో వినకూడదు' అంది. 'ముందు ఆయన నిన్ను చూడాలి, నీతో మాట్లాడాలి, నీ మీద కోప్పడాలి, ఆ తర్వాతే నా నోటితో చెబుతాను' అంది. అందుకే టైర్లకి మిమ్మల్ని పంపింది."

"కోప్పడాలి అని కూడా అందా?"

"అదే ముఖ్యం అందండీ."

అంతే తల్లీ, నాకు నవ్వొచ్చింది. చేతుల నిండా ఎడమ బూట్లు పట్టుకుని, నేల మీద కూర్చుని నవ్వాను. కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాను. నువ్వు నా దగ్గర ఏదీ దాచలేదు. చెప్పడానికి చోటు వెతుక్కున్నావు, అంతే. నా కొట్టులో ఏ మనిషికీ ఈ జోడు మీకు సరిపోతుందని నేను చెప్పను. తొడిగించి, వీధి చివరి దాకా నడిచి రమ్మంటాను. తిరిగొచ్చేటప్పుడు వాళ్ల మొహమే చెబుతుంది. నువ్వూ నన్ను అలాగే నడిపించావు. ఎవరి కూతురివి మరి.

నడిచొచ్చాను కాబట్టి నా మొహం ఏం చెబుతోందో రాస్తాను. ఆ మనిషి నా మాట తప్పని తెలిసి కూడా నన్ను నలుగురిలో తక్కువ చెయ్యలేదు. పోలీసు ముందు నా తప్పు తన నెత్తిన వేసుకున్నాడు. అందరూ నవ్వుతుంటే నవ్వలేదు. ఒక లోపం మాత్రం ఉంది, పెద్దవాడు చెప్పాడు కదా అని తప్పు సైజు బిగించాడు. ఆ మాటే అడిగాను. "నీకు తెలిసి ఎందుకు బిగించావయ్యా?" "ఇంకెవరైనా అయితే బిగించేవాణ్ని కాదండీ. మిమ్మల్ని చూశాక నోరు పెగల్లేదు" అన్నాడు. నా దగ్గర అంత భయం ఏమీ పనికిరాదు, ముందు ముందు నాతో గట్టిగా పోట్లాడమని నువ్వే నేర్పాలి. రబ్బరు వాసనకి ఎవరొస్తారని రాశాను చూడు, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. నా ఒంటికి పట్టిన తోలు వాసనకి మీ అమ్మ ఒక్కరోజు కూడా ముక్కు మూసుకోలేదు.

టైర్లు బిగించారు. అసలు సైజువి. ఈసారి స్టీరింగు కొట్టు ముందే తిప్పించాను, ఇటు చివరి దాకా, అటు చివరి దాకా, ఎక్కడా ఒరుసుకోలేదు. నేను కింద పడుకుని చూశాను, నడుము పట్టేసింది, మీ బాబాయి లేపాడు. స్టెప్నీ కూడా అదే రకం, అదే సైజు వేయించాను. పాత టైర్లు ఒకవైపే అరిగాయని చూపిస్తే అతను చక్రాల వంకర కూడా సరిచేశాడు. తర్వాత బస్టాండు మలుపుకి వెళ్లాం. జీపు వెన్నలా తిరిగింది. ఆ పోలీసే ఉన్నాడు. మా కోసం రెండు బస్సులు ఆపి సెల్యూట్ కొట్టాడు. ఎగతాళికో, గౌరవానికో నాకు తెలియదు, నేను గౌరవంగానే పుచ్చుకున్నాను.

అంతా అయ్యాక అతను చేతులు తుడుచుకుంటూ నా ముందు నిలబడ్డాడు. తుడిచిందే తుడుస్తున్నాడు. "మరి మీరేమంటారండీ?" అన్నాడు. ఏ సంగతో ఇద్దరికీ తెలుసు. నేను మొహం రాయి చేసుకుని, "వానలు వచ్చేలా ఉన్నాయి. జీపు తీసుకెళ్లి మా అమ్మాయికి ఇచ్చిరా. నేను చెప్పాల్సింది దానికే రాస్తాను" అన్నాను. ఆ మొహం అలా పెట్టడానికి ఎంత కష్టపడ్డానో ఆ దేవుడికి తెలుసు. మీ బాబాయి ఎక్కడ నోరు జారుతాడోనని వాణ్ని ఊరికే టీలు తెమ్మని తిప్పాను. నోట్లో గుడ్డ కుక్కుకున్నట్టు తిరిగాడు పాపం. కొట్టాయన మాత్రం వాడిపోయిన మొహంతో కవరు జేబులో పెట్టుకుని, గుండీ పెట్టి, పైనుంచి తడుముకుని, బండెక్కాడు.

తల్లీ, నాకు ఇష్టం. ఎంత ఇష్టమో రాయడానికి నా చదువు చాలదు. ఈ మాట నేను మీ బాబాయికి చెప్పలేదు, వాడే కనిపెట్టాడు. పాల లారీ డ్రైవరుకి చెప్పలేదు. అతనికీ చెప్పలేదు. అందరికంటే ముందు నీకే చెబుతున్నాను.

నువ్వు ఇది చదువుతున్నంతసేపూ అతను నీ జీపు చుట్టూ తిరుగుతూ, చక్రాల దగ్గర వంగి గాలి చూస్తున్నట్టు నటిస్తుంటాడు. గాలి సరిగ్గానే ఉంది, నేను పక్కనుండి కొట్టించాను. పాపం, ఎక్కువసేపు తిప్పకు. లేచి వెళ్లి చెప్పు.

నీకు నాన్న,
అతనికి మామ